ఒకే జట్టు, రెండు గ్లాసులు

సభకు నమస్కారం.

వృత్తి క్రీడాజట్లు సమాజంలోని జాతి విభజనలను తగ్గించగలవా అన్న ప్రశ్న మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చినవాడు మా ఊరి ఫాస్ట్ బౌలర్. వేసవి సెలవుల్లో మా హైస్కూలు మైదానంలో టోర్నమెంట్లు జరిగేవి. మా జట్టుకు కొత్త బంతి వేసే కుర్రాడు దళితవాడ నుంచి వచ్చేవాడు. అతను రాని రోజున పక్క ఊరి మీద గెలవడం మాకు కల్ల. వికెట్ పడగానే అందరం పరుగెత్తి అతన్ని వాటేసుకునేవాళ్లం, కప్పు గెలిచిన రోజున భుజాల మీద ఎక్కించుకుని బస్టాండు దాకా ఊరేగించాం. బస్టాండు పక్కనున్న టీ కొట్టులో మా అందరికీ బల్ల మీద గ్లాసులు వచ్చాయి. అతను చూరులో దోపి ఉన్న వేరే గ్లాసు తనే తీసుకుని, బయట నిలబడి టీ తాగి, కడిగి, మళ్లీ ఆ చూరులోనే దోపాడు. రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో ఈ సభలోని పెద్దవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పదిహేనేళ్ల వయసులో నాకు అందులో వింత ఏదీ కనిపించలేదు. అతని చెమట మా చొక్కాలకు అంటి ఆరకముందే అతని గ్లాసు వేరైపోయిందన్న సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

కులమూ జాతీ ఒకటే అని నేను వాదించబోవడం లేదు. వాటి చరిత్రలు వేరు, వాటిని నిలబెట్టిన చట్టాలు, శాస్త్రాలు వేరు. అయితే ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య ఏం మారుతుంది, ఏం మారదు అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకే తీరుగా ఎదురవుతుంది. మన దేశంలో దీనికి తొలి సాక్షి పాల్వంకర్ బాలూ. ఆయన చర్మకార కుటుంబంలో పుట్టి, పూనా జింఖానాలో నెలకు నాలుగు రూపాయల జీతానికి మైదానం చదును చేస్తూ, దొరలకు నెట్స్‌లో బంతులు వేస్తూ, ఆ కాలంలో దేశంలోకెల్లా గొప్ప ఎడమచేతి స్పిన్నర్‌గా ఎదిగాడు. యూరోపియన్ల మీద గెలవాలన్న పట్టుదలతో పూనాలోని హిందువుల జట్టు ఆయనను చేర్చుకుంది. ఆట విరామంలో సహచరులు పెవిలియన్‌లో పింగాణీ కప్పుల్లో టీ తాగుతుంటే, బాలూకు బయట మట్టి ముంతలో పోసేవారు. 1911లో భారత జట్టు ఇంగ్లండు వెళ్లినప్పుడు ఆయన ఆ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. అయినా హిందువుల జట్టు కెప్టెన్సీ ఆయనకు ఏనాడూ దక్కలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది. వికెట్లు తీసే చేతికీ నాయకత్వం వహించే చేతికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని కాస్త గుర్తుంచుకోండి. దానికి నేను మళ్లీ వస్తాను.

ఈ ప్రశ్నను నిజంగా పరీక్షకు పెట్టిన చోటు అమెరికా, ఆ ఆట బేస్‌బాల్. మనలో చాలామందికి ఆ ఆట నియమాలు తెలియకపోవచ్చు, వాటితో మనకు ఈ రోజు పని కూడా లేదు. తెలియవలసిందల్లా ఇది: 1880ల చివరి నుంచి 1946 వరకు ఆ దేశపు ప్రధాన బేస్‌బాల్ లీగుల్లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. నల్లవాళ్లను తీసుకోకూడదని ఏ నియమావళిలోనూ రాసి లేదు. క్లబ్బుల యజమానులు తమలో తాము అనుకున్న పెద్దమనుషుల ఒప్పందం చాలింది. రాసి లేని నియమాన్ని కోర్టులో ప్రశ్నించడం ఎంత కష్టమో మన ఊళ్లలో అద్దె ఇల్లు వెతుక్కున్నవాళ్లకు బాగా తెలుసు.

1945 ఆగస్టు 28న బ్రూక్లిన్ డాడ్జర్స్ క్లబ్బు అధిపతి బ్రాంచ్ రికీ తన కార్యాలయానికి జాకీ రాబిన్సన్ అనే యువకుణ్ణి పిలిపించుకున్నాడు. రాబిన్సన్ జార్జియా రాష్ట్రంలో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగి, విశ్వవిద్యాలయంలో నాలుగు ఆటల్లో పేరు తెచ్చుకుని, సైన్యంలో లెఫ్టినెంటుగా పనిచేశాడు. 1944లో టెక్సస్‌లోని సైనిక శిబిరంలో బస్సులో వెనక సీటుకు వెళ్లమంటే వెళ్లనందుకు ఆయన మీద సైనిక న్యాయస్థానంలో విచారణ జరిగింది, నిర్దోషిగా బయటికొచ్చాడు. అలాంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మైదానంలో ఎవరు ఎన్ని బూతులు తిట్టినా తిరిగి చేయెత్తని ధైర్యం నీకుందా అని రికీ అడిగాడు. రాబిన్సన్ మాట ఇచ్చాడు. ఏడాది పాటు మాంట్రియల్‌లో ఆడాక, 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబ్బెట్స్ ఫీల్డులో, పాతిక వేల మందికి పైగా ప్రేక్షకుల ఎదుట, 42వ నంబరు చొక్కాతో మొదటిసారి ప్రధాన లీగు మైదానంలో అడుగుపెట్టాడు.

ఆ మొదటి ఏడాదిలో జరిగిన కొన్ని సంగతులను దగ్గరగా చూద్దాం. సీజను ఇంకా మొదలుకాక ముందే డాడ్జర్స్ ఆటగాళ్లలో కొందరు, రాబిన్సన్‌తో కలిసి ఆడబోమని ఒక విజ్ఞప్తి తయారుచేసే ప్రయత్నంలో పడ్డారు. సంగతి తెలిసిన మేనేజర్ (బేస్‌బాల్‌లో జట్టును నడిపే కోచ్) లియో డ్యురోషర్ అర్ధరాత్రి వాళ్లను నిద్ర లేపి, అతను ఆడతాడు, అతని వల్ల మీ అందరికీ డబ్బు వస్తుంది, ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోవచ్చు అని తేల్చేశాడు. అర్ధరాత్రి వాళ్ల హృదయాలేమీ మారలేదు. జీతం ఇచ్చేవాడు ఒక నిర్ణయం తీసుకుని దాని మీద నిలబడ్డాడు, అంతే. ఆ వ్యతిరేకతలో ముందున్నాడని పేరుపడ్డ డిక్సీ వాకర్‌కు అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఇనుప సామాన్ల వ్యాపారం ఉండేది. నల్లవాడితో కలిసి ఆడితే ఊళ్లో తన వ్యాపారం దెబ్బతింటుందని భయపడ్డానని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నాడు, తాను చేసింది తెలివితక్కువ పని అని ఒప్పుకున్నాడు. డ్రెస్సింగ్ రూములో ద్వేషంగా కనిపించినదానికి వేరు ఎక్కడో ఊరి బజారులో ఉందన్నమాట. దాన్ని ఆట ఒక్కటే ఎలా పెకలించగలదు?

ఏప్రిల్ 22 నుంచి ఫిలడెల్ఫియా జట్టుతో బ్రూక్లిన్‌లో ఆటలు జరిగాయి. ఆ జట్టు మేనేజర్ బెన్ చాప్‌మన్, అతని వెనక అతని ఆటగాళ్లు, రాబిన్సన్ బ్యాటింగుకు వచ్చిన ప్రతిసారీ నోటికొచ్చిన జాతి దూషణలు కురిపించారు. రాబిన్సన్ నోరు మెదపలేదు. చివరికి సహచరుడు ఎడ్డీ స్టాంకీ, అలబామాలో ఇల్లున్న శ్వేతజాతీయుడు, రాబిన్సన్ రాకను ఏ మాత్రం సంతోషంగా స్వీకరించనివాడు, ఎదుటి జట్టువైపు తిరిగి, చేతనైతే తిరిగి జవాబు చెప్పగలిగేవాడి జోలికి వెళ్లండి అని అరిచాడు. నాకు ఈ సంఘటన ఎప్పుడు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. స్టాంకీకి సమానత్వ సిద్ధాంతం ఎవరూ బోధించలేదు; రెండు వారాలు పక్కపక్కన నిలబడి ఆడడం వల్ల, ఆ దెబ్బ తన జట్టు మనిషికి తగులుతోందని అతనికి అర్థమైంది. ఆటకు ఏదైనా శక్తి ఉంటే, అది ఇదే అని నేను నమ్ముతున్నాను.

అయితే ఆ కథ అక్కడ ఆగలేదు. పత్రికల్లో దుమారం రేగాక, మే నెలలో ఫిలడెల్ఫియాలో రాబిన్సన్, చాప్‌మన్ కలిసి ఫోటో దిగాలని ఏర్పాటు చేశారు. ఆ ఫోటోలో ఇద్దరూ ఒక బ్యాటును చెరొక చివర పట్టుకుని ఉంటారు. ఒకరి చేయి ఒకరికి తగలదు. ఆ ఫోటోకు నిలబడడం తాను చేయవలసి వచ్చిన అత్యంత కష్టమైన పనుల్లో ఒకటని రాబిన్సన్ తరువాత రాసుకున్నాడు. తిట్టినవాడి ఉద్యోగం నిలబడడానికి తిట్లు తిన్నవాడు నవ్వవలసి వచ్చింది. ఆట వల్ల జాతుల మధ్య సామరస్యం వచ్చిందని చెప్పేవాళ్లు సాధారణంగా ఇలాంటి ఫోటోలనే మనకు చూపిస్తారు, కాబట్టి ఆ బ్యాటుకు ఎవరి చేయి ఎక్కడుందో చూడడం మనం అలవాటు చేసుకోవాలి.

ఆ ఏడాది రాబిన్సన్ లీగులో అందరికంటే ఎక్కువగా 29 బేసులు దొంగిలించాడు (బంతిని ఎవరూ కొట్టకముందే అదను చూసి తరువాతి బేసుకు పరుగెత్తి చేరడాన్ని అలా అంటారు), ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారం అందుకున్నాడు, డాడ్జర్స్ సొంత మైదానానికి 18 లక్షల మంది ప్రేక్షకులు వచ్చారు. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతి వివక్షను తొలగిస్తూ ఆదేశం జారీచేశాడు, 1954లో బడుల్లో జాతివారీ విభజన చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈ తేదీలను వరుసగా పేర్చి, రాబిన్సన్ వేసిన బాటలోనే దేశం నడిచిందని చెప్పడం అమెరికాలో పరిపాటి. అందులో కొంత నిజముంది. కోట్లాది మంది ఒక నల్ల మనిషి పనితనాన్ని, నిగ్రహాన్ని రోజూ పత్రికలో చదవడం చిన్న సంగతి కాదు. కానీ రికీ ఆ తలుపు తెరవడానికి ముందు దాన్ని తట్టిన చేతులు చాలా ఉన్నాయి. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లవారి పత్రికలో వెండెల్ స్మిత్ అనే విలేకరి ఏళ్ల తరబడి ఈ విషయం మీద రాస్తూ వచ్చాడు. కమ్యూనిస్టు పత్రిక డైలీ వర్కర్ క్రీడా పేజీలో లెస్టర్ రాడ్నీ అదే పోరాటం సాగించాడు. 1945లో న్యూయార్క్ రాష్ట్రం ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధిస్తూ ఐవ్స్-క్విన్ చట్టం చేసింది. బ్రూక్లిన్ ఆ రాష్ట్రంలోదే. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ మీద పోరాడి వచ్చిన నల్ల సైనికులు ఇంటికొచ్చి వెనక సీట్లో కూర్చోవడానికి సిద్ధంగా లేరు. రికీ ధర్మబుద్ధి గలవాడే, వ్యాపారం తెలిసినవాడు కూడా; ఈ రెండూ ఆ సమయంలో ఒకే వైపుకు మొగ్గాయి.

ఇంకొక లెక్క ఉంది. దాన్ని విజయోత్సవ ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు. రాబిన్సన్ రాకముందు నల్లవాళ్లకు తమ సొంత బేస్‌బాల్ లీగులు ఉండేవి. వాటికి ఎక్కువగా నల్లవాళ్లే యజమానులు, మేనేజర్లు, టికెట్లు అమ్మేవాళ్లు, చుట్టూ బతికే హోటళ్లవాళ్లు. రాబిన్సన్‌ను కాన్సాస్ సిటీ మోనార్క్స్ జట్టు నుంచి తీసుకున్నందుకు రికీ ఆ జట్టుకు ఒక్క డాలరు చెల్లించలేదు. నెవార్క్ ఈగిల్స్ జట్టును నడిపిన ఎఫా మాన్లీ అనే మహిళ దీన్ని బహిరంగంగా ప్రశ్నించారు. మంచి ఆటగాళ్లందరూ వెళ్లిపోయాక నీగ్రో నేషనల్ లీగు 1948తో మూతబడింది. శ్వేతజాతి క్లబ్బులు ఆటగాళ్లను తీసుకున్నాయి గాని మేనేజర్లను, అధికారులను తీసుకోలేదు. అంటే కలిసి ఆడడం మొదలైన రోజునే నల్లవాళ్ల చేతిలో ఉన్న పెత్తనం పోయింది. బోస్టన్ రెడ్ సాక్స్ తన మొదటి నల్ల ఆటగాణ్ణి దింపేసరికి 1959 వచ్చింది, రాబిన్సన్ అప్పటికే ఆట విడిచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఒక ప్రశ్న మిగులుతుంది. స్టాంకీకి రాబిన్సన్ మీద కలిగిన ఆ తనవాడన్న భావం, దారిన పోయే మరో నల్ల మనిషి మీద కూడా కలుగుతుందా? దీన్ని ఈ మధ్యకాలంలో కొందరు పరిశోధకులు నేరుగా పరీక్షించారు. ఇరాక్‌లో ఐసిస్ దాడులకు ఇళ్లు వదిలి వచ్చిన క్రైస్తవ యువకులతో సల్మా మూసా ఫుట్‌బాల్ లీగులు నడిపి, చీటీ వేసినట్టుగా కొన్ని జట్లలో ముస్లిం ఆటగాళ్లను కలిపారు, మరికొన్నిటిలో కలపలేదు. 2020లో వెలువడిన ఆమె అధ్యయనం ప్రకారం కలిసి ఆడినవాళ్లు ఆరు నెలల తరువాత కూడా ముస్లింలతో కలిసి సాధన చేయడానికి ముందుకొచ్చారు, ఎదుటి జట్టులోని ముస్లిం ఆటగాడికి క్రీడాస్ఫూర్తి బహుమతి ఇవ్వాలని ఓటేశారు. కానీ ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లో ఒక హోటలుకు భోజనానికి వెళ్తారా అన్న దగ్గరికి వచ్చేసరికి, కలిసి ఆడనివాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. ఆటలో పరిచయమైన మనిషి దగ్గరివాడయ్యాడు. అతని మతంవాళ్లు దూరంగానే ఉండిపోయారు. మన వారణాసి జిల్లా పల్లెల్లో 1,261 మంది యువకులతో మాట్ లో అనే ఆర్థికవేత్త క్రికెట్ లీగు నడిపి, వేర్వేరు కులాలవాళ్లు ఒకే జట్టులో ఆడితే కులం దాటిన స్నేహాలు పెరిగాయనీ, ప్రత్యర్థులుగా తలపడితే ఆ మేలు జరగలేదనీ చూపించారు. ఇవి ఔత్సాహిక ఆటలు, వృత్తి క్రీడలు కావు. మతం, కులం గురించినవి, జాతి గురించినవి కావు. అయినా మా ఊరి టీ కొట్టు ముందు నేను చూసినదానికి ఇంతకంటే స్పష్టమైన వివరణ నాకు మరెక్కడా దొరకలేదు.

ప్రేక్షకుల సంగతి వేరు. వాళ్లు పక్కన నిలబడి ఆడరు, టీవీలో చూస్తారు. ఈజిప్టుకు చెందిన ముస్లిం ఫుట్‌బాల్ ఆటగాడు మొహమ్మద్ సలా 2017లో ఇంగ్లండులోని లివర్‌పూల్ జట్టులో చేరాక ఆ ప్రాంతంలో ద్వేషపూరిత నేరాలు, సలా రాకపోయి ఉంటే ఉండేవన్న అంచనాతో పోలిస్తే, 16 శాతం తగ్గాయని ఒక అధ్యయనం చెప్పింది. లివర్‌పూల్ అభిమానులు ట్విట్టర్‌లో ముస్లింలను తిట్టడం సగానికి పడిపోయిందని కూడా తేల్చింది. దీన్ని నేను తోసిపుచ్చను, సంతోషంగానే చెబుతాను. కానీ సలా గోలు మీద గోలు కొడుతున్న కాలమది. 2021 జులై 11న యూరో ఫుట్‌బాల్ ఫైనల్లో పెనాల్టీలు తప్పిన ఇంగ్లండు ఆటగాళ్లు రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా ముగ్గురూ నల్లవాళ్లు. చివరి బంతి తన్నిన సాకా వయసు అప్పటికి 19. గంట తిరగకుండా వాళ్ల ఖాతాలు జాతి దూషణలతో నిండిపోయాయి. గెలిపించినంత కాలం మనవాడు, ఓడిన మరుక్షణం పరాయివాడు అయితే, ఆ ప్రేమ ఎవరి మీద ఉన్నట్టు?

ఫ్రాన్సు దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ. 1998 జులై 12న బ్రెజిల్ మీద 3-0తో ప్రపంచ కప్పు గెలిచిన జట్టును నలుపు, తెలుపు, అరబ్బు కలిసిన కొత్త ఫ్రాన్సుగా దేశమంతా కీర్తించింది. రెండు గోల్స్ కొట్టిన జినెదిన్ జిదాన్ అల్జీరియా నుంచి వలస వచ్చిన దంపతుల కొడుకు. మూడేళ్లకు, 2001 అక్టోబరులో, అదే మైదానంలో ఫ్రాన్సు, అల్జీరియా జట్లు ఆడుతుంటే జాతీయ గీతానికి ఈలలు, కేకలు వినిపించాయి, ప్రేక్షకులు మైదానంలోకి దూకడంతో ఆట మధ్యలో ఆగిపోయింది. 2002 అధ్యక్ష ఎన్నికల్లో వలసవ్యతిరేక నాయకుడు లె పెన్ రెండో రౌండుకు చేరాడు. 2005లో వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే శివారు పేటలు అల్లర్లతో తగలబడ్డాయి. ఆ పేటల పిల్లలకు ఉద్యోగాలు, ఇళ్లు, పోలీసుల నుంచి మర్యాద కావలసి ఉండగా, వాళ్లకు ఒక కప్పు చూపించి సరిపెట్టారు.

దక్షిణాఫ్రికా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అక్కడ జాతి గోడను కదిపిన క్రీడా చర్యల్లో బహుశా అన్నిటికంటే బలమైనది ఆడకపోవడం. కేప్‌టౌన్‌లో పుట్టిన బాసిల్ డి'ఒలివేరాను మిశ్రమ జాతివాడని అక్కడి ప్రభుత్వం ఆడనివ్వకపోతే, ఆయన ఇంగ్లండు వెళ్లి, ఆ దేశానికే ఆడుతూ 1968లో ఓవల్ మైదానంలో 158 పరుగులు చేశాడు. ఆయనను ముందు పక్కన పెట్టి, తరువాత మరో ఆటగాడు తప్పుకోవడంతో దక్షిణాఫ్రికా పర్యటనకు ఎంపిక చేస్తే, ఆ దేశ ప్రధాని ఫోర్‌స్టర్ ఆ జట్టును రానివ్వనన్నాడు, పర్యటన రద్దయింది. అక్కడి నుంచి 1991 దాకా దక్షిణాఫ్రికా టెస్టు క్రికెట్‌కు దాదాపు పూర్తిగా వెలి అయింది. 1974లో మన డేవిస్ కప్ టెన్నిస్ జట్టు, మద్రాసు సోదరులు విజయ్, ఆనంద్ అమృతరాజ్‌లు ఉన్న జట్టు, ఫైనలుకు చేరాక ఎదుట దక్షిణాఫ్రికా ఉందని తెలిసి, దేశ విధానానికి కట్టుబడి ఆడకుండా కప్పు వదులుకుంది. ఆ కప్పు మనకు నేటికీ రాలేదు. దాన్ని నేను ఓటమిగా లెక్కపెట్టను. దక్షిణాఫ్రికాలోనే హసన్ హోవా నాయకత్వంలో నల్ల క్రీడాసంఘాలు, అసహజమైన సమాజంలో సహజమైన ఆట ఉండదు అన్న నినాదంతో నిలబడి, ప్రభుత్వం ఇచ్చిన అరకొర మిశ్రమ ఆటలను తిరస్కరించాయి. రగ్బీ, క్రికెట్‌లను ప్రాణంగా చూసుకునే శ్వేతజాతీయులకు వర్ణవివక్ష వల్ల తాము ఏం పోగొట్టుకుంటున్నారో ప్రతి శనివారం తెలిసొచ్చేట్టు చేసింది ఈ వెలి.

ఆ వెనకటి కథ లేకుండా 1995 జూన్ 24ను అర్థం చేసుకోలేం. జొహానెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్కులో నెల్సన్ మండేలా ఆకుపచ్చ రగ్బీ చొక్కా వేసుకుని, కెప్టెన్ ఫ్రాన్స్వా పినార్ నంబరైన 6 వీపు మీద కనిపిస్తుండగా అతనికి రగ్బీ ప్రపంచ కప్పు అందించాడు. ఆ చొక్కా నల్లవాళ్లకు దశాబ్దాల పాటు అణచివేసినవాడి గుర్తు. దాన్ని ఆయన వేసుకోవడం గొప్ప రాజనీతి. అది పౌరయుద్ధపు అంచున ఉన్న దేశాన్ని శాంతింపజేయడానికి ఒక నాయకుడు ఆటను వాడుకున్న తీరు. కానీ ఆ రోజు జట్టులో శ్వేతజాతీయుడు కాని ఆటగాడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే.

ఆ తరువాత మూడేళ్లకు మఖాయ ఎన్టిని దక్షిణాఫ్రికా టెస్టు జట్టులోకి వచ్చిన తొలి నల్ల ఆఫ్రికన్ అయ్యాడు. 101 టెస్టులు ఆడి 390 వికెట్లు తీశాడు. మన హైదరాబాద్ పిల్లలు కూడా అతని పరుగును అనుకరించేవాళ్లు. 2020లో ఆయన ఒక టీవీ సంభాషణలో తన అనుభవం చెప్పాడు. భోజనానికి రమ్మని హోటలు గది తలుపు ఎవరూ తట్టేవారు కాదట. బస్సులో తాను వెనక కూర్చుంటే మిగతావాళ్లు ముందుకు, ముందు కూర్చుంటే వెనక్కి వెళ్లేవారట. అందుకని సంచి డ్రైవరుకు అప్పజెప్పి, హోటలు నుంచి మైదానానికి, మైదానం నుంచి హోటలుకు పరుగెత్తేవాడట. అది వ్యాయామం మీది ఇష్టమని లోకం అనుకుంది. మండేలా చొక్కా ఫోటో పక్కన ఈ పరుగెత్తే మనిషిని కూడా పెట్టుకోనిదే దక్షిణాఫ్రికా గురించి మనం మాట్లాడకూడదు.

2019లో యోకొహామాలో ఇంగ్లండును 32-12తో ఓడించి రగ్బీ ప్రపంచ కప్పు ఎత్తిన సియా కొలిసి దక్షిణాఫ్రికా జట్టుకు తొలి నల్ల కెప్టెన్. జ్వీడే అనే పేదల పేటలో పెరిగిన ఆ పిల్లవాడు, గ్రే హైస్కూలు ఇచ్చిన ఉపకార వేతనం వల్ల మంచి మైదానం, మంచి తిండి, మంచి కోచ్ ఉన్న చోటికి చేరాడు. అక్కడ జాతి గోడలో తలుపు చేసింది ఆ ఉపకార వేతనమూ, జట్టు ఎంపికలో నల్లవారికి చోటుండాలని పట్టుబట్టిన విధానమూ. ఆ పేటలో అతనితో ఆడిన తక్కిన పిల్లలకు ఆ తలుపు తెరుచుకోలేదు.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. వెస్టిండీస్‌కు రెండుసార్లు టీ20 ప్రపంచ కప్పు తెచ్చిన డారెన్ సామీ సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన రోజుల్లో, తననూ శ్రీలంకకు చెందిన ఒక సహచరుణ్ణీ అందరూ "కాలూ" అని పిలిచేవారనీ, బలమైన మనిషి అని అర్థమనుకుని తానూ నవ్వేవాణ్ణనీ, ఆ మాటకు అర్థం తెలిశాక మనసు విరిగిందనీ 2020లో చెప్పాడు. ఒక సహచరుడు ఫోన్ చేసి, అది ప్రేమతో అన్నదేనని వివరిస్తే తాను నమ్మానని కూడా ఆయన తరువాత తెలియజేశాడు. నేనూ నమ్ముతాను, అందుకే నాకు మరింత బాధగా ఉంది. ప్రేమ నిజం, ఆ మాటలోని తక్కువచూపూ నిజం. మన ఇళ్లలో నల్లగా పుట్టిన ఆడపిల్లను, కర్రోడా అని పిలిచే పిల్లాణ్ణి తలచుకోండి. పెళ్లిచూపుల్లో రంగు గురించి వచ్చే ఆరాలను తలచుకోండి. డ్రెస్సింగ్ రూములోకి మన భాష మనతోపాటే వస్తుంది.

అదే హైదరాబాద్ నుంచి మొహమ్మద్ సిరాజ్ ఆస్ట్రేలియా వెళ్లాడు. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ను చేసిన తండ్రి 2020 నవంబరులో చనిపోతే, తిరిగి రాకుండా అక్కడే ఉండిపోయాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర ఫీల్డింగు చేస్తున్న అతన్ని ప్రేక్షకుల్లో కొందరు జాతి పేరు పెట్టి తిట్టారు. రాబిన్సన్ కాలంలోలాగా మౌనంగా భరించవలసిన అవసరం సిరాజ్‌కు రాలేదు. అతను కెప్టెన్ రహానేకు చెప్పాడు, రహానే అంపైర్ల దగ్గరికి తీసుకెళ్లాడు, ఆట దాదాపు పది నిమిషాలు ఆగింది. మీరు కావాలంటే మైదానం విడిచి వెళ్లవచ్చని అంపైర్లు అంటే, మేం తప్పు చేయలేదు, ఆడతాం అని కెప్టెన్ చెప్పాడు. దూషణ జరిగిందని ఆస్ట్రేలియా బోర్డు విచారణలో కూడా తేలింది. తరువాతి టెస్టులో బ్రిస్బేన్‌లో సిరాజ్ 73 పరుగులకు ఐదు వికెట్లు తీశాడు. ఆ వికెట్ల కంటే ఆ పది నిమిషాలే నాకు ముఖ్యం. 1947లో చాప్‌మన్‌ను ఆపడానికి ఏ అంపైరూ ఆట ఆపలేదు. ఈ రెండిటి మధ్య ఉన్నది ఆటగాళ్ల మంచితనం పెరగడం మాత్రమే కాదు. ఫిర్యాదు చేస్తే వినాలన్న నియమం, విననివాడికి శిక్ష, ఆ నియమం కోసం డెబ్బై ఏళ్లు పోరాడినవాళ్లు.

మా ఊరి టీ కొట్టులో ఆ వేరే గ్లాసు కూడా మేం గెలిచిన కప్పుల వల్ల పోలేదు. కారంచేడులో దళితుల ఊచకోత తరువాత రాష్ట్రమంతా లేచిన దళిత ఉద్యమం మా మండలానికీ చేరింది, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, కేసు పెడతామని వాడ పెద్దలు వచ్చి నిలబడ్డారు, కొట్టువాడు గ్లాసు తీసేశాడు. ఆ రోజు వాళ్లతో పాటు నిలబడిన పై కులాల కుర్రాళ్లు ఇద్దరు. ఇద్దరూ మా జట్టులో ఆడినవాళ్లు. పదకొండు మందిలో ఇద్దరు. ఆట నుంచి ఏం ఆశించవచ్చో ఎవరైనా నన్ను అడిగితే నేను ఆ లెక్కే చెబుతాను. ఆ ఇద్దరిలో నేను లేను.

చివరగా మళ్లీ రాబిన్సన్ దగ్గరికి, ఆ పెత్తనం సంగతికి వస్తాను. 1972 అక్టోబరు 15న సిన్సినాటిలో, బేస్‌బాల్‌లో ఫైనల్ పోటీ అయిన వరల్డ్ సిరీస్ ఆటకు ముందు, ఆయన మొదటి ఆటకు పాతికేళ్లయిన సందర్భంగా సత్కారం జరిగింది. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. మధుమేహం వల్ల చూపు దాదాపు పోయింది. మైకు ముందు కృతజ్ఞతలు చెప్పి, ఒక నల్ల మనిషి జట్టు మేనేజరుగా నిలబడి ఉండడం చూసిన రోజున తనకు ఇంకా ఎక్కువ సంతోషం, గర్వం కలుగుతాయని అక్కడి పెద్దలందరి ఎదుటే అన్నాడు. తొమ్మిది రోజులకు కన్నుమూశాడు. 1975 ఏప్రిల్ 8న క్లీవ్‌లాండ్‌లో ఫ్రాంక్ రాబిన్సన్ ప్రధాన లీగుల తొలి నల్ల మేనేజరుగా తన మొదటి ఆట నడిపించాడు. పేరు కలిసింది గాని ఇద్దరికీ చుట్టరికం లేదు. ఆ మధ్యాహ్నం ఆట మొదలుకావడానికి ముందు లాంఛనంగా తొలి బంతి విసరడానికి మైదానంలోకి వచ్చినది జాకీ భార్య, రేచెల్ రాబిన్సన్.